పొయ్యిలో పిల్లి

"ఆ ఇంట ఇంకా పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటే ఆ పూట అక్కడ వంట మొదలు కాలేదని, లేదా వండుకొనడానికే ఏమీ లేదని అర్థం. ఈ నుడిని పుట్టించినవారు పిల్లిని బాగా గమనించినవారై ఉండాలి. రాత్రి వంట ముగిసిన తరువాత, చల్లారుతున్న కట్టెల పొయ్యిలో వెచ్చని బూడిదమీద పిల్లి ముడుచుకొని పడుకుంటుంది. తెల్లవారి ఇల్లాలు పొయ్యి రాజేయడానికి వచ్చి అదిలిస్తేనే లేస్తుంది. వంట లేని ఇంట దానిని లేపేవారు ఎవరు? లేమిని ఇంత క్లుప్తంగా చెప్పిన మాట మరొకటి దొరకడం కష్టం. అయితే ఇందులో లేమితోపాటు ఉష్ణశాస్త్రం కూడా కొంత ఇమిడి ఉన్నది. పిల్లి ఏరికోరి బూడిదనే పక్కగా ఎందుకు చేసుకున్నది? ఆ బూడిద తెల్లవారేదాకా వెచ్చగా ఎలా ఉన్నది?

గూడూరు నుండి కాట్పాడి పోయే రైలుమార్గంలో, ధర్మవరం దారి చీలే కూడలి పాకాల. తిరుపతికి నైరుతి దిక్కున ఉన్న ఈ ఊరి చుట్టూ రాతిగుట్టలు, వాటి నడుమ వేరుశనగ చేలు, చెరకు తోటలు, మామిడి తోపులు ఉన్నాయి. అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈ ప్రాంతానికి ఈశాన్య ఋతుపవనాల వాన. ఆకాశంలో మబ్బు ఉన్నన్నాళ్లు రాత్రులు అంత చల్లగా ఉండవు. పగలు వేడెక్కిన నేల రాత్రి తన వేడిమిని కిరణాల రూపంలో పైకి వదులుతుంది. మబ్బు అందులో కొంత తిరిగి నేలకే పంపుతుంది. ధనుర్మాసంలో మబ్బు విడిచిపోగానే ఆ దుప్పటి తొలగిపోతుంది. తెల్లవారుజామున ఉష్ణోగ్రత తరచు 20 డిగ్రీలకు లోపు దిగుతుంది. కాశ్మీరంలో ఉండేవారు ఇది చలే కాదని నవ్వవచ్చు. పిల్లి మాత్రం నవ్వదు.

పిల్లి శరీరం సుమారు 38, 39 డిగ్రీల వేడిమిలో ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి ఉష్ణోగ్రత సుమారు 30 నుండి 38 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఆ వేడిమిని నిలుపుకొనడానికి అది ప్రత్యేకంగా శ్రమ పడనక్కరలేదు. గాలి అంతకన్న చల్లబడితే, తిన్న ఆహారంలో మరికొంత ఖర్చుచేసి వేడిమి పుట్టించుకోవాలి. అంటే మనిషికి హాయిగా తోచే 25 డిగ్రీల గది కూడా పిల్లికి ఖర్చుతో కూడిన చోటే. ఎలుకలు దొరకని రాత్రి ఈ ఖర్చు చిన్నది కాదు. అందుకే అది రెండు ఉపాయాలు పన్నుతుంది. మొదటిది బంతిలా ముడుచుకొనడం. ఒకే పరిమాణం గల ఆకారాలన్నింటిలో గోళానికి ఉపరితలం అతి తక్కువ. ఉపరితలం తగ్గితే పోయే వేడిమి తగ్గుతుంది. ముక్కును, పాదాలను తోకకింద దాచుకొనడం కూడా ఇందులో భాగమే. రెండవది వెంట్రుకలు నిక్కించడం. వెంట్రుకల నడుమ చిక్కిన గాలి కదలదు. కదలని గాలి వేడిమిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది. కుక్క గడ్డివామిలో గుంట చేసుకొని పడుకొన్నా, కోడి ఈకలు ఉబ్బించుకొన్నా, ముసలివారు కంబళి కప్పుకొన్నా పనిచేసేది ఈ చిక్కుపడిన గాలియే. కంబళి వేడిమిని పుట్టించదు, ఉన్నదానిని పోనివ్వదు.

బూడిద సంగతి కూడా ఇదే. కట్టె కాలగా మిగిలిన ఈ మెత్తని పొడిలో రేణువుల నడుమ ఉండేదంతా గాలి. కనుక బూడిద వేడిమికి మంచి అడ్డు. అడుగున మిగిలిన నిప్పుకణికలమీద అది కప్పుకొంటే రెండు పనులు జరుగుతాయి. కణికల వేడిమి బయటికి పోదు. బయటి ప్రాణవాయువు కణికలకు ధారాళంగా అందదు. ప్రాణవాయువు తక్కువైనందున బొగ్గు భగ్గున మండిపోక, గంటల తరబడి మెల్లగా రగులుతుంది. నివురుగప్పిన నిప్పు అంటే ఇదే. అగ్గిపెట్టె రాకముందు రాత్రి నిప్పును ఇలాగే దాచి, ఉదయం ఊదుకొనేవారు. నిప్పు ఆరిన ఇంటివారు పొరుగింటినుండి పిడకమీద కణిక తెచ్చుకొనేవారు. రాపిడితో వెలిగే అగ్గిపుల్లను ఇంగ్లండులో జాన్ వాకర్ అమ్మడం మొదలుపెట్టినది 1827లోనే.

ఈ బూడిదలో చలికాలపు రుచి ఒకటి దాగి ఉన్నది. రాత్రి సంగటి దించిన తరువాత పిల్లలు ఒకటి రెండు గెణుసుగడ్డలను పొయ్యిలో పూడ్చిపెడతారు. బయటికి తీసేసరికి తోలు నల్లబడి, లోపల పసుపుపచ్చగా, మెత్తగా, తేనె ఊరినట్లు ఉంటుంది. అదే గడ్డను ముక్కలుగా కోసి, మరుగుతున్న నీటిలో వేసి త్వరత్వరగా ఉడికిస్తే అంత తీపి ఉండదు. గడ్డ ఒకటే, ఉప్పూ బెల్లమూ వేసినది లేదు. తేడా ఎక్కడినుండి వచ్చింది?

పచ్చి గడ్డలో ఎక్కువగా ఉండేది పిండిపదార్థం. దానికి తీపి లేదు. పిండిపదార్థం అంటే వేలకొద్దీ గ్లూకోజు అణువులు గొలుసుగా చేరినది. గడ్డలోనే బీటా అమైలేజ్ అనే ఎంజైము కూడా ఉన్నది. అది ఈ గొలుసును చివరినుండి రెండేసి ముక్కలుగా తెంపుతుంది. ఆ జంట ముక్కే మాల్టోజ్ అనే చక్కెర. కాని పచ్చి గడ్డలో పిండి రేణువులు గట్టిగా బిగుసుకొని ఉంటాయి. ఎంజైమునకు కొస చిక్కదు. సుమారు 60 డిగ్రీలు దాటిన తరువాత రేణువులు నీరు పీల్చి ఉబ్బి వదులవుతాయి. అప్పుడు పని జోరుగా సాగుతుంది. సుమారు 80 డిగ్రీలు దాటితే ఎంజైమే చెడిపోతుంది. తీపి తయారయ్యే గడువు ఈ రెండింటి నడుమనే. మరిగే నీటిలో పడిన చిన్న ముక్క ఈ మెట్టును చకచకా దాటిపోతుంది. బూడిదలోని గడ్డ మెల్లగా వేడెక్కి, ఆ గడువులో చాలాసేపు నిలుస్తుంది. అందుకే అంత మాల్టోజ్. ఇక తోలు పక్కన పుట్టే కమ్మని వాసన, గోధుమరంగు, చక్కెరలకూ మాంసకృత్తుల భాగాలకూ వేడిమివల్ల జరిగే చర్య ఫలితం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మెయ్యార్ దీనిని 1912లో వివరించాడు. రొట్టె పైపొరకు, వేయించిన వేరుశనగకు వచ్చే వాసన కూడా చాలావరకు దీని చలవే.

పాఠశాలలో దీనిని చూపడం సులభం. ఒకే గడ్డను రెండుగా కోసి, ఒక సగాన్ని చిన్న ముక్కలుగా చేసి మరిగే నీటిలో ఉడికించాలి. రెండవ సగాన్ని వెచ్చని బూడిదలో కాల్చాలి. రెండింటినీ సమానమైన తూకంలో తీసుకొని, నీటిలో నలిపి వడగట్టి, ఫెహ్లింగ్ ద్రావణంతో వేడిచేస్తే ఇటుకరంగు మడ్డి ఎందులో ఎక్కువగా దిగుతుందో విద్యార్థులే చెబుతారు. నాలుక ముందే చెప్పి ఉంటుంది. అయితే ప్రయోగశాలలో రుచి చూడడం మంచి అలవాటు కాదు గనుక ఆ భాగం ఇంటివద్దనే కావాలి.

పొయ్యి గట్టుమీద మరొక ప్రాణిలోకం చలి కాచుకుంటూ ఉంటుంది. వేసవిలో రాత్రి రుబ్బిన పిండి తెల్లవారేసరికి పొంగి గిన్నె దాటుతుంది. ధనుర్మాసంలో పొద్దెక్కినా కదలదు. ఇడ్లీ పిండిని పొంగించే సూక్ష్మజీవులలో ముఖ్యమైనది ల్యూకోనాస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియా. అది చక్కెరను తిని పులుపునిచ్చే ఆమ్లాన్ని, పిండిని ఉబ్బించే బొగ్గుపులుసు వాయువును పుట్టిస్తుంది. మినుముల జిగురు ఆ వాయువును బుడగలుగా పట్టి ఉంచుతుంది. ఇలాంటి జీవరసాయన చర్యల వేగం, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే సుమారు సగానికి పడిపోతుంది. 28 డిగ్రీలలో 8 గంటలు పట్టే పని 18 డిగ్రీలలో 16 గంటలు పట్టవచ్చు. గిన్నెను పొయ్యి పక్కన ఉంచి గోనెపట్టా చుట్టే ఇల్లాలు ఈ లెక్క వేయలేదు; ఫలితం మాత్రం ఆమెకు తెలుసు. పిల్లికి వలె పిండికి కూడా వెచ్చని చోటు కావాలి. రాగి రొట్టెకు ఈ బాధ లేదు. గోధుమలోని గ్లూటెన్ వంటి సాగే పదార్థం రాగిలో లేనందున వాయువు పుట్టినా నిలవదు. కనుక అది పొంగవలసిన పనిలేక, పెనంమీద పలుచగానే కాలుతుంది.

ఇంతవరకు నివురుగప్పిన నిప్పు చేసే మేలు. అదే నిప్పును కుంపటిలో వేసి, చలికి తలుపులు కిటికీలు మూసిన గదిలో పెట్టుకొని నిద్రపోతే కథ వేరు. ధారాళంగా గాలి అందినప్పుడు బొగ్గు మండి బొగ్గుపులుసు వాయువు అవుతుంది. గాలి చాలనప్పుడు, అడుగున పుట్టిన ఆ వాయువు ఎర్రని బొగ్గు గుండా పైకి వస్తూ మరికొంత బొగ్గును కలుపుకొని కార్బన్ మోనాక్సైడు అవుతుంది. కుంపటి పైన కొన్నిసార్లు కనిపించే నీలిమంట ఈ వాయువు మండడమే. మండక మిగిలినది గదిలో చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కన్న 200 రెట్లకు మించిన బలంతో అంటుకొంటుంది. ఇక రక్తం తిరుగుతున్నా ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండడం; నిద్రలో ఉన్నవారికి ఇవి కూడా తెలియవు. కట్టెల పొగ కంట నీరు తెప్పించి మనిషిని బయటికి తరుముతుంది. బాగా కాలిన బొగ్గుకు పొగ ఉండదు. పొగ లేదు గనుక భయం లేదనుకొనడంలోనే ప్రాణాపాయం ఉన్నది.

పెంపుడు జంతువుల ప్రసక్తి ఇక్కడ మళ్లీ వస్తుంది. 1896లో వేల్స్ దేశంలోని టైలర్స్‌టౌన్ బొగ్గుగనిలో పేలుడు జరిగినప్పుడు జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు విచారించి, చనిపోయినవారిలో ఎక్కువమందిని చంపినది పేలుడు కాదు, ఈ వాయువని తేల్చాడు. చిన్న ప్రాణులు తమ బరువుకు తగిన లెక్కలో మనిషికన్న వేగంగా గాలి పీలుస్తాయి. విషం వాటికి ముందుగా ఎక్కుతుంది. ఆయన సూచనమీదనే గనులలోకి ఎలుకలను, తరువాత కెనరీ పిట్టలను తీసుకుపోసాగారు. బ్రిటనులో 1986లో యంత్రాలు వాటి స్థానంలోకి వచ్చాయి. మూసిన గదిలో కుంపటి పక్కన పిల్లి లేచి తూలినా, కుక్కపిల్ల పిలిచినా కదలకపోయినా అది నిద్రమత్తు కాకపోవచ్చు.

పాత పెంకుటింటి వంటగదిలో పెంకుల సందులే పొగగొట్టాలు. విషవాయువు అక్కడ ఎక్కువసేపు నిలిచేది కాదు. సిమెంటు కప్పు, బిగువైన తలుపులు గల నేటి గదికి ఆ సందులు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం వచ్చిన తరువాత కట్టెల పొయ్యి చాలా ఇళ్లలో పెరట్లోకి, నీళ్లు కాచుకొనే పనికి తరలింది. గ్యాసు పొయ్యికి బూడిద లేదు. పిల్లి అందులో పడుకోదు. కాని చలి రాత్రి పెరటి పొయ్యిలోని కణికలను కుంపటికి ఎత్తి లోపలికి తెచ్చే అలవాటు సులభంగా పోయేది కాదు.

అట్టి గదిలో ఎవరైనా స్పృహ తప్పి ఉంటే, ముందుగా తలుపులు తెరిచి వారిని బయటికి చేర్చాలి. ఆ తరువాతనే కుంపటి సంగతి. మంచి గాలిలో ఉన్నా రక్తంలో చేరిన విషవాయువులో సగం విడిపోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధమైన ప్రాణవాయువు ఇస్తే గంట, గంటన్నరలో అంత విడిపోతుంది.