రోటవేటరు పీటీవో షాఫ్టు, క్రాసుల ఎంపిక: మన్నికకు మూలసూత్రాలు

వరి మడిలో దమ్ము మొదలుకొని వేసవి దుక్కి, పత్తి కట్టెను ముక్కలు చేసి నేలలో కలిపే పని వరకు తెలుగు రాష్ట్రాల సేద్యంలో అనేక పనులు నేడు ట్రాక్టరు పీటీవో ఆధారంగా సాగుతున్నాయి. ఇంజనులో పుట్టిన శక్తిని రోటవేటరు గేర్‌బాక్సుకు చేర్చే వారధి పీటీవో షాఫ్టు. దాని రెండు చివరలా ఉండే యూనివర్సల్ జాయింట్లనే రైతులు, మెకానిక్కులు ‘క్రాసు’లని వ్యవహరిస్తారు. నాట్ల అదనులో ఒక క్రాసు విరిగితే ఆగేది ఒక్క మడి కాదు. ఆ యంత్రాన్ని అద్దెకు మాట్లాడుకొన్న రైతులందరి పని ఆగుతుంది. ఆ తొందరలో దుకాణంలో దొరికిన వాటిలో ‘అన్నిటికంటే గట్టిది’ తెచ్చి బిగించడం సాధారణం. అది విరగకపోవచ్చు, దానికి బదులు గేర్‌బాక్సు పగలవచ్చు. షాఫ్టు మన్నిక దాని మందంపై మాత్రమే ఆధారపడదు. శక్తి, కోణం, పొడవు, రక్షణ భాగం అనే నాలుగింటి పొంతనపై ఆధారపడుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ముందుగా తెలియజేయవలసిన విషయం ఇదే.

నిర్మాణం

పీటీవో షాఫ్టులో ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు, రెండు చివరలా యోకులు, యోకుల మధ్య క్రాసులు, వీటన్నిటిపై తిరగకుండా నిలిచే ప్లాస్టిక్ గార్డు ఉంటాయి. క్రాసుకు నాలుగు చేతులు. ప్రతి చేతికి ఒక కప్పు, కప్పులో నీడిల్ బేరింగులు, వాటిని పట్టి ఉంచే సర్‌క్లిప్ ఉంటాయి. మన ట్రాక్టర్లలో సాధారణంగా కనిపించే పీటీవో 35 మి.మీ. వ్యాసం, 6 పళ్లు కలిగి నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. 1000 చుట్ల వేగానికి 21 పళ్ల షాఫ్టు, అధిక శక్తి గల ట్రాక్టర్లకు 45 మి.మీ. వ్యాసం, 20 పళ్ల షాఫ్టు వాడుకలో ఉన్నాయి. షాఫ్టు కొనేముందు రెండు చివరల పళ్ల సంఖ్యను లెక్కించడం మొదటి పని.

శక్తికి తగిన పరిమాణం

షాఫ్టును మెలిపెట్టే బలం టార్కు. కిలోవాట్లలో శక్తిని 9550తో హెచ్చించి, నిమిషానికి చుట్ల సంఖ్యతో భాగిస్తే టార్కు న్యూటన్-మీటర్లలో వస్తుంది. పీటీవో వద్ద 30 కిలోవాట్లు, అనగా సుమారు 40 అశ్వశక్తి లభించే ట్రాక్టరు 540 చుట్ల వద్ద దాదాపు 530 న్యూటన్-మీటర్ల టార్కును ఇస్తుంది. అదే శక్తిని 1000 చుట్ల వద్ద పంపితే టార్కు 287కు తగ్గుతుంది. కనుక షాఫ్టు ఎంపికలో అశ్వశక్తి ఒక్కటే చాలదు. ఏ వేగం వద్ద అన్నది కూడా చూడాలి.

ఇది సగటు టార్కు మాత్రమే. ఎండిన నల్లరేగడిలో పెద్ద పెళ్ల గాని, ఎర్ర నేలలో పాతుకొన్న రాయి గాని రోటవేటరు కత్తికి తగిలిన క్షణంలో టార్కు సగటును ఎన్నో రెట్లు మించుతుంది. బేరింగుల ఆయుష్షు బరువుకు ఎంత సున్నితమైనదో తెలిపే సూత్రం ఇక్కడ ఉపయోగపడుతుంది. రోలరు, నీడిల్ బేరింగుల ఆయుష్షు వాటిపై పడే బరువు యొక్క 10/3వ ఘాతానికి విలోమంగా ఉంటుంది. దీని ప్రకారం టార్కు 25 శాతం పెరిగితే క్రాసు ఆయుష్షు సుమారు సగమవుతుంది. రెట్టింపైతే పదో వంతుకు పడిపోతుంది. కాబట్టి చిన్న ట్రాక్టరుతో వచ్చిన షాఫ్టును అధిక శక్తి గల ట్రాక్టరుకు తగిలించి వాడడం పొదుపు కాదు.

కోణం: కంటికి కనిపించని శత్రువు

క్రాసు ఒక కోణంలో తిరిగేటప్పుడు ఇచ్చే వేగం సమంగా ఉండదు. ట్రాక్టరు వైపు వేగం నిలకడగా 540 ఉన్నా, 20 డిగ్రీల కోణంలో ఒక క్రాసు దాటిన తరువాత అది 507 నుండి 575 వరకు, ప్రతి చుట్టుకు రెండుసార్లు మారుతుంది. అనగా సెకనుకు 18 కుదుపులు. రెండవ క్రాసు ఈ హెచ్చుతగ్గులను రద్దు చేస్తుంది. అయితే రెండు షరతులున్నాయి. మొదటిది, గొట్టాలకు అమర్చిన రెండు యోకులు ఒకే తలంలో ఉండాలి. రెండవది, రెండు చివరల కోణాలు సమానంగా ఉండాలి.

చదరపు కడ్డీ లేదా పళ్ల కడ్డీ గల షాఫ్టును విప్పి తిరిగి కలిపేటప్పుడు యోకులు 90 డిగ్రీలు పక్కకు పడే అవకాశముంది. అప్పుడు కుదుపులు రద్దు కావు సరికదా, ఒకదానిపై ఒకటి చేరుతాయి. అదే 20 డిగ్రీల వద్ద గేర్‌బాక్సుకు చేరే వేగం 477 నుండి 612 వరకు ఊగుతుంది. కొత్త క్రాసు వేసినా ‘దడదడ’ తగ్గలేదని రైతు చెబితే ముందుగా చూడవలసింది ఈ అమరికనే.

కోణాల సమానత్వం టాప్ లింకు చేతిలో ఉంటుంది. ట్రాక్టరు పీటీవో, రోటవేటరు గేర్‌బాక్సు షాఫ్టు పక్కనుండి చూస్తే సమాంతరంగా ఉండేలా టాప్ లింకును సవరించాలి. పని జరిగే స్థితిలో కోణం తక్కువగా ఉన్నకొద్దీ క్రాసుకు మేలు. కోణం రెట్టింపైతే బేరింగు ఆయుష్షు దాదాపు సగానికి తగ్గుతుంది. అయితే పూర్తిగా సున్నా కోణం కూడా మంచిది కాదు. సూదులు దొర్లకుండా ఒకే చోట నిలిచి, చేతులపై గుంటలు పెడతాయి. గట్ల వద్ద మలుపు తిప్పేటప్పుడు, రోటవేటరును పైకెత్తేటప్పుడు కోణం ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ సమయంలో పీటీవోను విడదీయడం ఖర్చులేని రక్షణ. పీటీవో నడుస్తుండగానే పదునైన మలుపులు తప్పని, ట్రాక్టరు వెనుక లాగబడే యంత్రాలకు మాత్రమే అధిక కోణాలను తట్టుకొనే సమవేగ జాయింట్ల ఖర్చు సార్థకమవుతుంది.

పొడవు

షాఫ్టు అత్యధికంగా సాగినప్పుడు కూడా గొట్టాలు తమ పొడవులో కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. అత్యధికంగా ముడుచుకొన్నప్పుడు చివర సుమారు 40 మి.మీ. ఖాళీ మిగలాలి. ఈ ఖాళీ లేకపోతే షాఫ్టు కడ్డీలా బిగిసి, ట్రాక్టరు పీటీవో బేరింగును, గేర్‌బాక్సు మూతను నెట్టివేస్తుంది. బజారులో కొన్న షాఫ్టు పొడవైతే లోపలి, వెలుపలి గొట్టాలను, రెండు గార్డులను సమానంగా కోయాలి. అంచుల గరుకు తీసి, ఇనుప రజను తుడిచి, గ్రీజు రాసి కలపాలి. పొట్టిదైతే అతుకు వేసి పొడిగించరాదు. వేరే షాఫ్టు తీసుకోవాలి.

విరగవలసిన భాగం విరగాలి

రోటవేటరు షాఫ్టుకు షియర్ బోల్టు గాని స్లిప్ క్లచ్ గాని రక్షణగా ఉంటుంది. దాని పని అవసరమైనప్పుడు తాను తెగి లేదా జారి, మిగిలినవాటిని కాపాడడం. పదేపదే తెగుతున్నదని విసిగి గట్టి బోల్టు వేయడం సర్వసాధారణమైన పొరపాటు. 4.6 గ్రేడు బోల్టు తన్యతా బలం చదరపు మి.మీ.కు 400 న్యూటన్లు, 8.8 గ్రేడుది 800. ఆ ఒక్క మార్పుతో తెగే టార్కు రెట్టింపవుతుంది. అదే గ్రేడులో 8 మి.మీ. బదులు 10 మి.మీ. బోల్టు వేస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అప్పుడు తెగేది బోల్టు కాదు. క్రాసు, గొట్టం లేదా గేరు పన్ను. తయారీదారు సూచించిన కొలత, గ్రేడు గల బోల్టులను అరడజను పెట్టెలో ఉంచుకోవడమే సరైన పరిష్కారం.

స్లిప్ క్లచ్ పలకలు పని లేని నెలల్లో తుప్పుతో అతుక్కొంటాయి. సీజను ఆరంభంలో స్ప్రింగులను వదులు చేసి, క్లచ్‌ను కొద్దిసేపు జార్చి, తిరిగి సూచించిన కొలతకు బిగించాలి. పత్తి కట్టెను ముక్కలు చేసే ష్రెడ్డరు వంటి బరువైన రోటరు గల యంత్రాలకు ట్రాక్టరు ఆగిన తరువాత కూడా తిరిగే స్వభావం ఉంటుంది. వాటికి ఫ్రీవీల్ క్లచ్ అవసరం. రక్షణ క్లచ్ ఉన్న చివర ఎల్లప్పుడూ యంత్రం వైపే ఉండాలి.

క్రాసు కొనుగోలులో పరిశీలించవలసినవి

పాత క్రాసును వెంట తీసుకువెళ్లి వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. కప్పు వెలుపలి వ్యాసం, ఎదురెదురు కప్పుల మధ్య మొత్తం పొడవు అనే రెండు కొలతలు చాలు. ఉదాహరణకు 27 × 74.6 మి.మీ., 30.2 × 92 మి.మీ. అనేవి వేర్వేరు తరగతుల క్రాసులు. ‘దాదాపు సరిపోతుంది’ అనే మాటకు ఇక్కడ చోటు లేదు. కప్పు యోకులో వదులుగా కూర్చుంటే యోకు రంధ్రమే అరిగిపోతుంది. ఉపరితలం గట్టిపరచిన, లోపలి భాగం సాగే గుణం గల ఫోర్జింగు క్రాసు ఉత్తమం. కప్పును చేతితో తిప్పితే నునుపుగా, ఆట లేకుండా తిరగాలి. సీళ్లు పగుళ్లు లేకుండా ఉండాలి. గ్రీజు ఎక్కించినప్పుడు నాలుగు చేతుల చివరలా గ్రీజు కనిపించాలి. ఒక చేతికి చేరకపోయినా ఆ క్రాసును వాపసు చేయాలి. ఒక్క కప్పు పాడైనా క్రాసు మొత్తాన్ని మార్చడమే క్షేమం.

కందెన, దమ్ము పని

దమ్ములో యంత్రం వైపు క్రాసు గంటల తరబడి బురదనీటి తుంపరలలో తిరుగుతుంది. నీరు సీళ్లను దాటి గ్రీజును కడిగివేస్తుంది. నిత్యం పని ఉన్న రోజుల్లో 8 గంటలకొకసారి గ్రీజు పెట్టాలి. ఉదయం పనికి ముందు కంటే సాయంత్రం పని ముగిసిన వెంటనే పెట్టడం మేలు. కొత్త గ్రీజు లోపలి నీటిని బయటకు నెడుతుంది. రాత్రంతా తుప్పు పట్టదు. జారే గొట్టాలకు కూడా గ్రీజు తప్పనిసరి.

విరిగిన భాగం చెప్పే కారణం

విరిగిన క్రాసును పారవేయకముందు పరిశీలించాలి. చేతులపై సూదుల ఆకారంలో గుంటలుంటే అధిక టార్కు. నీలిరంగు, ఎర్రటి తుప్పు పొడి ఉంటే గ్రీజు లోపం. చేయి ఒక్కసారిగా తెగి ఉంటే హఠాత్తు దెబ్బ, రక్షణ బోల్టు పనిచేయకపోవడం కారణం. గొట్టం మెలి తిరిగితే అధిక టార్కు; పీటీవో బేరింగు పాడైతే పొడవు ఎక్కువ కావడం. కారణం సరిదిద్దకుండా క్రాసు మార్చితే కొత్తది కూడా అదే దారి పడుతుంది.

గార్డు లేని షాఫ్టు

540 చుట్లంటే సెకనుకు 9 చుట్లు. 100 మి.మీ. వ్యాసం గల యోకుకు చిక్కిన చీర కొంగు, పంచె లేదా తువ్వాలు సెకనుకు 2.8 మీటర్ల చొప్పున చుట్టుకొంటుంది. మీటరు పొడవు కొంగు సెకనులో మూడో వంతుకు కొద్దిగా మించిన కాలంలో ముగుస్తుంది. మనిషి వెనక్కు లాగాలని తలచేలోపే పని అయిపోతుంది. కనుక గార్డు లేకుండా అమ్మే షాఫ్టు ఎంత చవకైనా కొనదగినది కాదు. గార్డు గొలుసును ట్రాక్టరుకు, యంత్రానికి కట్టాలి. ఆ గొలుసుతో షాఫ్టును వేలాడదీయరాదు. ఇంజను ఆగి ఉన్నప్పుడు గార్డును చేతితో తిప్పితే షాఫ్టుపై స్వేచ్ఛగా తిరగాలి. నడిచే షాఫ్టును దాటడం, పీటీవో విడదీయకుండా, ఇంజను ఆపకుండా గడ్డి తీయడం పూర్తిగా నిషిద్ధం.

ముగింపు

పళ్ల సంఖ్య, టార్కు, యోకుల అమరిక, సమాన కోణాలు, గొట్టాల పొడవు, సరైన బోల్టు, నిండు గార్డు: ఈ ఏడింటిని టేపు, కాలిపర్, గ్రీజు గన్ను సాయంతో ఒక గంట క్షేత్ర ప్రదర్శనలో రైతులకు చూపవచ్చు. యంత్రాల అద్దె కేంద్రాల్లో ప్రతి షాఫ్టుకు ఒక పుస్తకం పెట్టి, నడిచిన గంటలు, నేల రకం, విరిగిన భాగం నమోదు చేయిస్తే ఏ భాగం ఎందుకు విఫలమవుతున్నదో రెండు సీజన్లలో స్పష్టమవుతుంది. విద్యార్థుల ప్రాజెక్టులకు కూడా అది విలువైన సమాచారం. నాట్ల అదనులో ఆగకుండా నడిచే షాఫ్టు అన్నిటికంటే లావైనది కాదు. తన ట్రాక్టరుకు, తన యంత్రానికి సరిగా కుదిరినది.