ఒకే సందులో ఏడు చర్చిలు

ఆదివారం పొద్దున తార్నాక వైపు నుంచి ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్ళి, ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి రావడం నాకు ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ అలవాటు. ఉద్యోగం గచ్చిబౌలిలో అయినా ఇల్లు మాత్రం తార్నాక వదల్లేదు. నాతోపాటు నడిచే పీహెచ్‌డీ కుర్రాడొకడున్నాడు, కరీంనగర్ వైపు వాడు. మొన్న నడక అయ్యాక టీ తాగుదామని మా ఇంటికి బయల్దేరి, సందు మొదట్లోనే ఆగిపోయాడు. వేలితో గాల్లో లెక్కపెట్టి, "అన్నా, ఏమనుకోకు గాని, గీ ఒక్క సందులనే ఏడు చర్చి బోర్డులున్నయ్. మీకందరికి దేవుడొక్కడే, పుస్తకమొక్కటే గదా. మరి గిన్నెందుకే?" అన్నాడు.

ఆ ఏడింట్లో రెండింటికి సొంత భవనమే లేదు. ఒకటి ఫంక్షన్ హాలు పై అంతస్తులో, ఇంకొకటి ట్యూషన్ సెంటర్లో, ఆదివారం మాత్రమే నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి చేతికందిన జవాబు చెప్పా. "లైనక్స్‌లో ఎన్ని రకాలున్నాయో తెలుసా తమ్ముడూ? లోపలి కెర్నల్ ఒకటే. నచ్చనివాడు కాపీ తీసుకుని, కొంచెం మార్చి, తన పేరు పెట్టుకుంటాడు." వాడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నెల రోజులుగా మా ఇంట్లోనే తిరుగుతోంది మరి.

మాకు ఎనిమిది నెలల పాప. మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, నాలుగు తరాలుగా లూథరన్లం. మా ఆవిడది ఒంగోలు, వాళ్ళు బాప్టిస్టులు. పెళ్ళికి ఇద్దరు పాస్టర్లను పిలిచి సర్దేశాం. పాప పుట్టాక సర్దడానికి వీల్లేకుండా పోయింది. మా నాయనమ్మకి ఎనభై రెండేళ్ళు. రోజూ ఫోన్లో ఒకటే మాట: "పళ్ళు కూడా వస్తున్నాయిరా పిల్లకి. బాప్తిస్మం ఎప్పుడిప్పిస్తావు?" అటు మా అత్తగారు: "పసిబిడ్డకేం తెలుసు అల్లుడు గారూ? ఇప్పుడు ప్రార్థన చేయించి ప్రతిష్ఠ చేయిద్దాం. బాప్తిస్మమంటారా, పెద్దయ్యాక తనే నమ్మి, తనే నీళ్ళలోకి దిగుతుంది."

లూథరన్లకి దేవుడి కృప మన తెలివి మీద ఆధారపడదు, కాబట్టి పసిబిడ్డకీ బాప్తిస్మం ఇస్తారు. తల మీద నీళ్ళు పోస్తే చాలు. బాప్టిస్టులకి ముందు నమ్మకం, తర్వాతే బాప్తిస్మం, అదీ నిండా మునిగితేనే. వినడానికి రెండూ సబబుగానే ఉంటాయి. అక్కడే చిక్కు.

దీని మూలం ఎక్కడుందో చూద్దామని ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని ఫోన్లో చదవడం మొదలుపెట్టా. 1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో కొందరు, చిన్నప్పుడు తమకిచ్చిన బాప్తిస్మం చెల్లదని చెప్పి, మళ్ళీ తీసుకున్నారు. నగర పాలకులు దాన్ని నేరం కింద చూశారు. 1527 జనవరిలో ఫెలిక్స్ మాంట్స్ అనే ఆయన్ని లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చంపించింది పోపు కాదండీ. అప్పుడప్పుడే పోపు నుంచి విడిపోయిన సంస్కర్తల ఊరే అది! ఈ రెండో బాప్తిస్మం వాళ్ళ వారసుల్లో ఒక శాఖ మెనోనైట్లు. వాళ్ళ మిషనరీలే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో నల్గొండ వచ్చారు, తర్వాత పాలమూరులో స్థిరపడ్డారు. శంషాబాద్‌లో ఇప్పటికీ మెనోనైట్ బ్రదరన్ల బైబిల్ కాలేజీ ఉంది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళే దారిలో ఎన్నోసార్లు అటు పోయినవాణ్ణే, ఆ పేరు వెనక ఇంత కథ ఉందని తెలియదు.

లూథర్ సంగతీ అంతే. 1517లో రోమ్ మీద తిరగబడ్డాడని మా సండేస్కూల్లో ఏటా చెప్పేవారు. 1529లో జరిగింది మాత్రం ఎవరూ చెప్పలేదు. మార్బుర్గ్ కోటలో లూథరూ, జ్యూరిక్ నాయకుడు జ్వింగ్లీ ఒక్కటవుదామని కూర్చున్నారు. 15 అంశాల్లో 14 కుదిరాయి. చివరిది ప్రభు రాత్రి భోజనం గురించి. రొట్టెలో క్రీస్తు శరీరం నిజంగా ఉందా, అది గుర్తు మాత్రమేనా? అక్కడ ఇద్దరూ దిగిరాలేదు. ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. మా ఆఫీసులో 15 టెస్టుల్లో 14 పాసైతే రిలీజ్ చేసేసి పార్టీ చేసుకుంటాం.

అసలు పాత చీలిక 1054లోనే ఉంది, రోముకీ కాన్‌స్టాంటినోపుల్‌కీ మధ్య. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1534లో తనే చర్చికి అధిపతినని ప్రకటించుకున్నాడు, దాని వెనక ఉన్నది పెళ్ళి గొడవ. పుస్తకం అందరి చేతికీ వచ్చి, ఆఖరి తీర్పు చెప్పే పెద్ద మాత్రం అందరికీ ఒకరే లేకపోతే, ప్రతి పేచీ కొత్త చర్చి కాగలదు. రాజులూ, డబ్బూ, దేశాభిమానం దానికి తోడయ్యాయి. యూరప్ వరకూ ఈ లెక్క సరిపోతుంది.

మన దగ్గరికొస్తే వేరే ప్రశ్న వేసుకోవాలి. మా ముత్తాత లూథర్ వాదనా, జ్వింగ్లీ వాదనా పోల్చి చూసి లూథరన్ అయ్యాడా? ఆయనకి చదువే రాదు.

జవాబు జిల్లా మ్యాపులో దొరికింది. నర్సాపురానికి ఇంగ్లండ్ నుంచి బ్రదరన్ వాళ్ళు వచ్చారు. నెల్లూరుకి 1840లో అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే, మచిలీపట్నానికి 1841లో ఆంగ్లికన్లు ఫాక్స్, నోబుల్, గుంటూరుకి 1842లో అమెరికన్ లూథరన్ ఫాదర్ హయ్యర్. కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు, కడపలో లండన్ మిషన్, మెదక్‌లో ఇంగ్లండ్ మెథడిస్టులు, బీదర్, వికారాబాద్ వైపు అమెరికా మెథడిస్టులు. ఒకరి పొలంలో ఒకరు దున్నకూడదని ప్రొటెస్టంట్ మిషన్లు ప్రాంతాలు పంచుకున్నాయి. ఖర్చు తగ్గుతుంది, పోటీ ఉండదు అని. (క్యాథలిక్కులు ఈ ఒప్పందాల్లో లేరు. వాళ్ళు పద్దెనిమిదో శతాబ్దం నుంచే కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాల్లో ఉన్నారు.) అందుకే మా ఊళ్ళల్లో కొత్త క్రైస్తవుడు పరిచయమైతే "నీ నమ్మకం ఏంటి?" అనరు, "మీది ఏ మిషను?" అంటారు. అంటే మా ముత్తాత పదిహేను కోసుల దక్షిణాన పుట్టి ఉంటే, ఈపాటికి నేనే మా నాయనమ్మతో "పసిబిడ్డకేం తెలుసు?" అని వాదిస్తూ ఉండేవాణ్ణి.

ఒంగోలు కథ ఇంకొంచెం చెప్పాలి. అక్కడికి 1866లో జాన్ క్లౌ దొర వచ్చాడు. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. ఆయన బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని కరువు నాళ్ళలో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు పాస్టర్లు ఇద్దరిద్దరుగా వంతులేసుకుని నీళ్ళలో నిలబడ్డారట. మా ఆవిడ ముత్తవ్వ తల్లి ఆ రోజు ఆ నీళ్ళలో దిగిందని మా అత్తగారింట్లో గట్టి నమ్మకం. కాగితం లేదు, నమ్మకమే. అలాంటి ఇంటి ఆడపడుచు తన బిడ్డ నెత్తిన నాలుగు చుక్కలు పోస్తే చాలని ఎలా ఒప్పుకుంటుంది?

ఇంకో మాట మామూలుగా పైకి అనరు. ఒంగోలు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు లూథరన్లలో ఎక్కువమంది మాలలు. ఒక కులం ఒక మిషన్ వైపు కదిలితే ఇంకో కులం ఆ గుమ్మం తొక్కడానికి వెనకాడేది. కాబట్టి మా పెళ్ళి మాటలప్పుడు మా పెదనాన్న "వాళ్ళు బాప్టిస్టులట కదరా" అని నసిగితే, అది నీళ్ళలో మునగడం గురించి కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. డినామినేషన్ పేరు చాలాచోట్ల మర్యాదగా కులం అడిగే పద్ధతి. ఇది రాసినందుకు మా వాళ్ళు కొందరు కోప్పడతారు. పడనీండి.

ఈ ముక్కలన్నీ కలపాలని చూసినవాళ్ళు లేకపోలేదు. డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్. 1919లో తరంగంబాడిలో ఆయనా, ఇంకొందరూ కూర్చుని, ఈ చీలికలు మనం చేసినవి కావు, బయటి నుంచి మన మీద పడ్డవి, మనం ఒక్కటవ్వాలి అని ప్రకటన చేశారు. కలవడానికి 28 ఏళ్ళు పట్టింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సి.ఎస్.ఐ. పుట్టేసరికి అజరయ్య గారు పోయి రెండేళ్ళు దాటింది. ఆంగ్లికన్లు, ఇంగ్లండ్ మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వాళ్ళు కలిశారు. బాప్టిస్టులు చేరలేదు. లూథరన్లు దశాబ్దాల పాటు చర్చించి చేరలేదు. అమెరికా మెథడిస్టులూ అంతే. కలిసిన వాళ్ళలోనూ నంద్యాల ఆంగ్లికన్లు చాలా ఏళ్ళు దూరంగా ఉండిపోయారు. కలపబోతే ఇంకో ముక్క మిగిలిందన్నమాట.

మరి మా సందులో ఇన్ని ఎలా వచ్చాయంటే, జిల్లా గీతలన్నీ ఇక్కడ కలిసిపోయాయి. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లకి ఒకరు, యూనివర్సిటీ ఉద్యోగానికి ఒకరు, హాస్టల్ చదువుకి ఒకరు వచ్చారు. ఎవరి మిషన్ వాళ్ళు వెంట తెచ్చుకున్నారు. దాని మీద కొత్తవి మొలిచాయి. గోల్కొండ క్రాస్‌రోడ్స్ దగ్గర హెబ్రోను పెట్టిన భక్త్ సింగ్ పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టినవాడు, ఇంజనీరింగ్ చదివినవాడు. విదేశీ డబ్బు, విదేశీ పేరు లేని సంఘాలు కావాలన్నాడు. 2000లో ఆయన పోయేనాటికి ఆ సంఘాలు దేశమంతా ఉన్నాయి. పెంతెకొస్తు వాళ్ళు వేరు. ఇక పాస్టర్ల మధ్య పొరపొచ్చాల వల్ల, కాంపౌండు ఆస్తి కేసుల వల్ల విడిపోయినవి ఎన్నో! వాటికి సిద్ధాంతం పేరు తర్వాత తగిలిస్తారు.

ఆ ఏడింట్లో ఒకదాని పేరు చెప్పను గానీ, పెళ్ళికి ముందు ఒకసారి వెళ్ళా. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు ఆప్యాయంగా భుజం మీద చెయ్యేసి, "బ్రదర్, మీది చిలకరింపు బాప్తిస్మం. అది లెక్కలోకి రాదు. మళ్ళీ తీసుకోవాలి" అన్నారు. నాకు కోపం వచ్చింది, కొంచెం ఏడుపూ వచ్చింది. నన్ను ఎత్తుకుని గుడి ముందు నిలబడ్డ మా నాయనమ్మని ఆయన అబద్ధం చేసేసినట్టు అనిపించింది. జ్యూరిక్ కథ చదివాక మాత్రం ఆ కోపం మునుపటంత లేదు. ప్రాణం పోయినా ఆ మాట వదలని మనుషులున్నారు కదా.

ఈ గొడవల మధ్యే ఒక వింత. గాంధీనగర్‌లో ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ ఉంది. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత ఇక్కడికి వచ్చింది. బాప్టిస్టు, లూథరన్, సి.ఎస్.ఐ., మెథడిస్టు పాస్టర్లు కాబోయే కుర్రాళ్ళు అక్కడ ఒకే క్లాసులో కూర్చుని, ఒకే మెస్‌లో తిని, పట్టా చేతికొచ్చాక ఎవరి బోర్డు కిందకి వాళ్ళు వెళ్తారు. పాటల సంగతీ అంతే. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు మా నాయనమ్మకీ వచ్చు, మా అత్తగారికీ వచ్చు. పాపని నిద్రపుచ్చేటప్పుడు ఇద్దరూ పాడేది అవే. రాగం దగ్గర కొంచెం తేడా, మీది తప్పంటే మీది తప్పని దానికీ ఒక వాదన.

చివరికి మా ఆవిడ మాటే నెగ్గింది. "నీ బాప్తిస్మం తప్పని నేననను. కానీ దీనికి నేను ఇచ్చుకోగలిగింది ఒక్కటే, తనంతట తను ఒప్పుకునే అవకాశం. అది లాక్కోకు" అంది. నా దగ్గర జవాబు లేదు. క్రిస్మస్‌కి ముందు ఒంగోలులో ప్రతిష్ఠ ప్రార్థన చేయించాలని అనుకున్నాం. నాయనమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పా. ఆవిడ ఏమీ అనకుండా పెట్టేసింది. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

మూడో రోజు తనే చేసింది. "మన గుడి రిజిస్టర్లో మీ ముత్తాత పేరుంది, మీ తాత పేరుంది, మీ నాన్నది, నీది. వరసగా ఉన్నాయిరా. పిల్ల పేరు అందులో లేకపోతే ఎట్లా?" అంది. ఆ పుస్తకం నేను చూశా. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టి ఉంటుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ అని గళ్ళు. ఈ శనివారం పాపని తీసుకుని ఊరికి వెళ్తున్నాం. ఆఖరి గడి ఖాళీగా ఉంచి పేరు మాత్రం రాస్తారేమో అయ్యగారిని అడగాలి.