ముసలి కుక్కకు ఇంటి నీడ

మహాభారతమున రెండు చోట్ల కుక్క కథ వచ్చును. ఆదిపర్వమునందు జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని కుక్కపిల్లను యజ్ఞశాలవద్ద కొట్టగా, దాని తల్లి సరమ రాజు నెదుటికి వచ్చి న్యాయ మడిగెను. మహాప్రస్థానిక పర్వమునందు ధర్మరాజు తన్ను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని చెప్పెను. నిర్దోషిని దండింపరాదనునది మొదటి కథ. నమ్మి వచ్చినదానిని విడువరాదనునది రెండవ కథ. ఈ రెండు ధర్మములును నేడు గ్రామ పంచాయతీ సమావేశములలో చర్చకు వచ్చుచున్నవి.

మన ఊళ్లలో ఇట్టి కుక్క ఒకటి తరచుగా కనబడును. ఒకప్పుడు అది గొర్రెలమందను గాచి యుండును, లేదా మామిడితోటకు కావలి యుండి యుండును. యజమాని బ్రతుకుదెరువునకై పట్టణము చేరగా అది ఇక్కడనే మిగిలినది. కంటికి పొర కమ్మినది. లేదా లారీ తగిలి వెనుకకాలు పడిపోయినది. బడి అరుగు క్రిందనో, బస్సు ఆగు చోటనో పడియుండి, పిల్లలు విసరిన ముద్ద తిని కాలము గడుపుచున్నది. ఊరిలో ఎవరినైనను కుక్క కరచినదని తెలియగానే అందరికిని భయము పుట్టును. ఆ భయమునకు మొదట చిక్కునది కరచిన కుక్క కాదు; పరుగెత్తలేని ఈ ముసలి కుక్కయే.

ఇట్టి కుక్కను ఒక ఇంటివారు చేరదీయుట సాధ్యమా, దానివలన ఊరికి మేలు కలదా, పంచాయతీ ఇందు చేయదగినది ఏమి అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

చట్టము ఏమి చెప్పుచున్నది?

జంతువులను అకారణముగా ఆకలిదప్పులపాలు చేసి విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. జంతువును చంపి, విషము పెట్టి, లేక అవిటిదానినిగా చేసి నష్టము కలిగించినవారికి 5 సంవత్సరములవరకు జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను చెప్పుచున్నది. ఈ సంహిత 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. కావున “ఊరి మేలు కొరకే చేసితిమి” అను మాట విషము పెట్టించినవారిని కాపాడదు.

వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్సను, రేబిస్ టీకాను ఏర్పాటు చేయు బాధ్యతను 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు స్థానిక సంస్థలపై నుంచినవి. పెంపుడు కుక్క టీకాలకు దాని యజమానియే బాధ్యుడు. 2025వ సంవత్సరమున సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన ఉత్తర్వుల నిచ్చినది. వీధికుక్కను పెంచుకొనగోరువారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చుననియు, అట్లు తీసికొన్న కుక్క మరల వీధికి రాకుండ చూచుట వారి బాధ్యతయేననియు ఆగస్టు 22 నాటి ఉత్తర్వు తెలిపినది. బడులు, ఆసుపత్రులు, బస్సుస్టాండులు, రైల్వేస్టేషనులు మొదలైనవాని ఆవరణలనుండి కుక్కలను తీసి ఆశ్రయములకు చేర్పవలెనని నవంబరు 7 నాటి ఉత్తర్వు చెప్పినది. అటుపిమ్మట వచ్చిన ఉత్తర్వులను గూర్చి మండల కార్యాలయమున విచారించుకొని నడచుకొనుట మంచిది.

ఈ రెండింటిని కలిపి చూచినచో, బడి అరుగు క్రిందనున్న ముసలి కుక్కకు ఒక చోటు చూపుట ఎంత అవసరమో తెలియగలదు. పట్టణములందు జంతు సంరక్షణ సంఘములు కలవు. హైదరాబాదునందు బ్లూ క్రాస్ సంస్థ 1992 నుండి పనిచేయుచున్నది. కాని ప్రతి ఊరికిని ఇట్టి ఆశ్రయము సమీపమున నుండదు. గ్రామమున కుక్కకు తగిన ఆశ్రయము ఒక ఇంటి ముంగిలియే.

ఊరికి కలుగు మేలు

కుక్కను చేరదీయుట కేవలము దయకు సంబంధించిన పని యని కొందరనుకొందురు. ఇందు ఊరి ఆరోగ్యమునకును సంబంధము కలదు. మనుష్యులకు వచ్చు రేబిస్ వ్యాధిలో నూటికి 99 వంతులవరకు కుక్కల మూలముననే వచ్చును. ఒక ప్రాంతమందలి కుక్కలలో నూటికి 70 కి టీకాలు వేసినచో ఆ వ్యాధి వ్యాపింపక నిలిచిపోవునని నిపుణులు నిర్ణయించిరి. ఆహారము దొరకు చోటు ఖాళీగా నుండదు. ఒక కుక్కను చంపినచో దాని స్థానమున టీకా లేని క్రొత్త కుక్క వచ్చి చేరును. టీకా పొందిన కుక్క ఆ టీకా ప్రభావ మున్నంతకాలము ఆ నూటికి 70 లెక్కలో నొకటిగా నుండును.

మరియొక విషయము. కన్ను కానని కుక్క, చెవి వినని కుక్క, కీళ్లనొప్పిగల కుక్క సాధారణముగా దుష్టమైనది కాదు. కాని నిద్రలోనున్నప్పుడు పిల్లవాడు దానిపై కాలు పెట్టినచో ఉలికిపడి కరవవచ్చును. ఒక ఇంటి ప్రహరీలో, తన అలవాటెరిగిన మనుష్యుల నడుమ నున్నచో ఈ అపాయము చాలవరకు తప్పును.

ఇంటికి తెచ్చుటకు ముందు

నాటు కుక్కకు 7, 8 ఏండ్లు దాటగానే వార్ధక్యము ఆరంభమగును. మంచి పోషణ గలిగినచో 12, 13 ఏండ్లవరకు జీవింపవచ్చును. కావున చేరదీయువారు కొన్ని ఏండ్ల బాధ్యతను తలకెత్తుకొనుచున్నామని ఎరుగవలెను. ఇంట పసిపిల్లలున్నచో, లేదా పంటకాలమున ఇంటిల్లిపాదియు వలసపోవువారైనచో తొందరపడరాదు. ఇంటిలో నొకరు పగటివేళ నుండు కుటుంబము, ముఖ్యముగా పెద్దవయసు దంపతులున్న ఇల్లు, ఇందుకు అనుకూలము. కుక్కపిల్లవలె అది చెప్పులు కొరకదు, ఊరంతయు తిరుగదు; నీడ, నీరు, రెండుపూటల తిండి, పరిచితమైన కంఠస్వరము చాలును.

మొదట పశువైద్యునికి చూపవలెను. రేబిస్ టీకా వేయించి, నులిపురుగులకు మందు ఇప్పించి, పండ్లు, కన్నులు, చర్మము పరీక్ష చేయింపవలెను. శస్త్రచికిత్సను ఆ వయసున అది తట్టుకొనగలదో లేదో వైద్యుడే నిర్ణయింపవలెను. టీకా వేసిన మాత్రమున అదివరకే శరీరమున ప్రవేశించిన రేబిస్ పోదు. కావున పూర్వచరిత్ర తెలియని కుక్కను కొన్ని నెలలు గమనించుచుండవలెను. ఉన్నట్టుండి స్వభావము మారుట, చొంగ కారుట, మ్రింగలేకపోవుట, దవడ వ్రేలాడుట కనబడినచో, గొంతులో ఎముక యడ్డుపడెనేమోయని నోటిలో చేయి పెట్టరాదు. కాళ్లు పడిపోవుటయు ఒక్కొక్కప్పుడు రేబిస్ లక్షణము కావచ్చును. పాత ప్రమాదమువలన కుంటుచున్న కుక్కకును, నిన్నటివరకు చక్కగా నడచి నేడు కూలబడిన కుక్కకును ఈ భేదము గుర్తింపవలెను.

ఎవరినైనను కుక్క కరచినచో, గీరినచో వెంటనే గాయమును సబ్బుతోను ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, అదే దినమున ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు. కుక్కను 10 దినములు కనిపెట్టియుండుట అవసరమే. కాని మనిషికి టీకా ప్రారంభించుటకు ఆ 10 దినములు ఆగరాదు.

లోపమును బట్టి సంరక్షణ

కన్ను కానని కుక్క వాసనచేతను, అలవాటుచేతను త్రోవ తెలిసికొనును. నీళ్లతొట్టిని, పడకను ఒకే చోట నుంచవలెను. ముంగిట మంచమును, నాగలిని దినమునకొక చోట పెట్టరాదు. ముట్టుకొనుటకు ముందు పేరు పెట్టి పిలువవలెను. గట్టు లేని బావికి కంచె తప్పక వేయింపవలెను. ఇది కుక్కకే కాదు, ఇంటి పిల్లలకును క్షేమకరము.

చెవి వినని కుక్కను వెనుకనుండి తాకరాదు. నేలపై పాదముతో తట్టినచో ఆ కదలికను గ్రహించి తల త్రిప్పును. చేతి సైగలను కొద్ది దినములలో నేర్చుకొనును. ట్రాక్టరు శబ్దము దానికి వినబడదు గనుక త్రాడు లేకుండ బాటమీదికి పోనీయరాదు.

కీళ్లనొప్పిగల కుక్కకు నున్నని బండలపై లేచుట కష్టము. గోనెపట్టా పరచినచో కాలు జారదు. చలికాలమున గోనెసంచిలో వరిగడ్డి కూరి పడక చేయవచ్చును. తడిసిన గడ్డిని వెంటనే మార్చవలెను. శరీరము బరువెక్కినచో నొప్పి హెచ్చును గనుక తిండి మితముగా పెట్టవలెను.

వెనుకకాళ్లు పడిపోయిన కుక్కకు శ్రమ ఎక్కువ. ఒకే ప్రక్క పడియుండినచో చర్మము ఒరసి పుండ్లు పడును. కొన్ని గంటల కొకసారి ప్రక్క మార్చుచుండవలెను. పొట్టక్రింద తువ్వాలు వేసి వెనుకభాగమును ఎత్తిపట్టి నడిపింపవచ్చును. మలమూత్రములు అంటిన వెంట్రుకలను కడిగి ఆరబెట్టనిచో ఈగలు వ్రాలి పురుగులు పడును. చిన్న చక్రముల బండి కట్టినచో కొన్ని కుక్కలు చక్కగా తిరుగగలవు. అయితే దాని కొలతలను వైద్యుడు చూచి చెప్పవలెను.

మూడు కాళ్ల కుక్కకు ఇంత శ్రమ లేదు. అది త్వరలోనే తన నడకను సరిదిద్దుకొనును.

ఆహారము, వైద్యము

పండ్లు అరిగిన కుక్కకు మెత్తని అన్నము గాని, సంకటి గాని ఉడికించిన గ్రుడ్డుతోను, కొద్ది మాంసముతోను కలిపి రెండుపూటల పెట్టవచ్చును. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాకొలెట్టు కుక్కకు విషప్రాయములు. కూరలోని మసాలా అన్నమును పెట్టరాదు. ఉడికిన ఎముకలు చీలి ప్రేగులను గ్రుచ్చును. ముసలి కుక్క ఎక్కువగా నీరు త్రాగుచు ఎక్కువగా మూత్రము పోయుచున్నచో మూత్రపిండముల వ్యాధియో, మధుమేహమో యుండవచ్చును. ఇల్లు తడుపుచున్నదని నీరు తగ్గింపరాదు; వైద్యునికి చూపవలెను.

గ్రామములలో తరచుగా జరుగు మూడు పొరపాట్లను ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మొదటిది, నొప్పికని ఇంటిలోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలను వేయుట. ఇవి కుక్క ప్రాణము తీయగలవు. రెండవది, పిడుదులు పోవుటకై పైరుకు చల్లు పురుగుమందును ఒంటికి పూయుట. కుక్క తన ఒంటిని నాకుకొనును. ఆ మందు కడుపులోనికి పోవును. మూడవది, పుండులో పురుగులు పడినప్పుడు కిరసనాయిలు పోయుట. ఈ మూడింటికిని పశువైద్యశాలలో తగిన మందులు కలవు. పశువుల అత్యవసర సేవకు 1962 అను ఉచిత ఫోను సంఖ్య కలదు. కుక్కలకు ఎట్టి సేవ లభించునో మీ పశువైద్యశాలలో ముందుగానే తెలిసికొనుడు.

కడపటి దినములు

ఎంత శ్రద్ధ చేసినను ముసలి కుక్క ఒకనాడు తిండి మానును, లేవలేకపోవును. అప్పుడు బాధ తగ్గింపగలమా లేదా యని వైద్యుని అడుగవలెను. నయము కాని వ్యాధిగల వీధికుక్కకు సుఖమరణము కలిగించు విధానము 2023 నియమములందు కలదు. అర్హుడైన పశువైద్యునిచేత, మత్తుమందు సూదిద్వారా, మరియొక కుక్క చూడకుండ అది జరుగవలెను. పెంచినవారు ఈ నిర్ణయమును వైద్యుని సలహాతో చేయవలెనే గాని ఊరి బయట విడిచి రారాదు. ధర్మరాజు కథ మనకు చెప్పునదియు ఇదియే.

పంచాయతీ చేయదగిన పనులు

వార్డు సభ్యులు తమ వార్డునందలి కుక్కలను లెక్కించి, వానిలో ముసలివి, అవిటివి ఎన్నియో ఒక పుస్తకమున వ్రాయవలెను. పశువైద్యునితో మాటలాడి సామూహిక టీకాలకు ఒక దినము నిర్ణయింపవలెను. ప్రపంచ రేబిస్ దినమైన సెప్టెంబరు 28 ఇందుకు తగినది.

కుక్కను చేరదీయు కుటుంబము పేరు, టీకా తేదీ, కుక్క గుర్తులు సమావేశపు పుస్తకమున నమోదు చేయవలెను. ఆ కుటుంబము ఊరు విడిచి పోవలసివచ్చినచో భారము వహించు రెండవవారి పేరుకూడ అప్పుడే వ్రాయించవలెను. మంచి మనసుతో మొదలైన పని సగములో ఆగిపోకుండుటకు ఇది ముఖ్యము. మెడకు రంగు పట్టీ కట్టినచో అది పెంపుడు కుక్కయని ఊరందరికిని తెలియును.

మాంసపు దుకాణముల వ్యర్థములను బాట ప్రక్క పారవేయకుండ చూడవలెను. కుక్కల గుంపులు చేరుట ఆ కుప్పలవద్దనే. నిద్రించు కుక్కను, తినుచున్న కుక్కను కదల్పరాదని బడిపిల్లలకు ఉపాధ్యాయులచేత చెప్పింపవలెను.

ఈ పనులకు పెద్ద మొత్తము ధనము అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక నిర్ణీత దినము, బాధ్యత వహించు మనుష్యులు కావలెను. వచ్చు సమావేశమున కుక్కల విషయము చర్చకు వచ్చినప్పుడు “వీనిని ఎట్లు వదలించుకొందము” అను ప్రశ్నకు ముందుగా “ఆ బడి అరుగు క్రింది ముసలిదానిని ఎవరు తీసికొనిపోయెదరు” అని యొక సభ్యుడు అడుగవలెనని మా కోరిక. ఆ ప్రశ్నకు ఒక ఇంటివారు చేయెత్తినచో, ఊరికి కావలి కాచిన ప్రాణికి నీడ దొరకును. ఆ ఊరి పిల్లలకును భయము కొంత తగ్గును.