పాత కారు కొనునప్పుడు షాకబ్జర్ల పరీక్ష

ఒకప్పుడు సైకిలును రిక్షాయు చాలిన కుటుంబములు మన మట్టెవాడలో నేడు కార్లు కొనుచున్నవి. క్రొత్తదాని వెల భరింపలేనివారు ఒకరు వాడిన కారును కొందురు. అట్టి కారును చూడబోవువారు రంగు చూతురు, ఇంజను ధ్వని విందురు, ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో చదువుదురు. చక్రములకడ దాగియున్న షాకబ్జర్లను వంగి చూచువారు అరుదు. బ్రేకులవలెను టైర్లవలెను ప్రాణరక్షకమైన యీ సాధనమును పరీక్షించు విధమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును దెలుప నెంచితిమి.

మొదట దాని పని యేమో తెలిసికొందము. కారు బరువును మోయునది స్ప్రింగు గాని షాకబ్జరు గాదు. చక్రము మిట్ట నెక్కినప్పుడు స్ప్రింగు అణగి, ఆ శక్తిని తనలో నిలుపుకొని, మరల త్రోయును. అడ్డు లేనిచో కారు ఊయెలవలె పైకిని క్రిందికిని చాలసేపు ఊగుచుండును. ఆ యూపును అణచుటయే షాకబ్జరు పని.

హోళీనాడు పిల్లలు రంగునీళ్లు చల్లు చిమ్మనగ్రోవిని తలచుకొనుడు. కాడను మెల్లగా నెట్టిన నీరు సులభముగా వెడలును. వేగముగా నెట్టిన చేతికి గట్టిగా ఎదురు తన్నును. షాకబ్జరు గొట్టములో నీటికి మారుగా నూనె యుండును. అది బయటికి పోక, పిస్టనుకు గల సన్నని దారులగుండ ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు దూరును. అట్లు దూరుటకు కలుగు ఇరుకే ఊపును తగ్గించును. శక్తి నశింపదని మీరు చదివితిరి గదా! ఊపులోని శక్తి నూనెలో వేడిగా మారి, గొట్టముమీదుగా గాలిలో కలియును.

ఇది చెడినచో ఏమగును? గతుకులలో చక్రము నేలను విడిచి గంతులు వేయును. నేలను విడిచిన చక్రమునకు బ్రేకు పట్టదు, స్టీరింగు లొంగదు. కావున బండి నిలుచుటకు ఎక్కువ దూరము పట్టును. మలుపులో ప్రక్కకు జారును. ఈ లోపము ఒక్కనాట రాదు. కొంచెము కొంచెముగా ముదురుటచే నడుపువాడు దానికి అలవాటుపడును. అందుచే అమ్మువాడు నిజాయితీపరుడైనను, "నా బండి బాగుగనే యున్నది" యన్న మాటపై ఆధారపడరాదు.

పరీక్ష మూడు విధములు. మొదటిది కంటితో చేయునది. గొట్టముపై నూనె కారిన తడి కలదేమో, సొట్టలు పడినవేమో, కడ్డీ వంగినదేమో, కొసలనున్న రబ్బరు బుష్షులు పగిలినవేమో చూడవలయును. పలుచని చెమ్మ యంతగా దోషము కాదు. కారిన ధార దోషము. టైరుపై అరచేయి నిమిరి చూడుడు. అక్కడక్కడ గుంటలు పడినట్లు అరిగియున్నచో షాకబ్జరును అనుమానింపవలయును.

రెండవది చేతితో చేయునది. కారు ఒక్కొక్క మూలను రెండుమూడు మారులు గట్టిగా క్రిందికి నొక్కి వదలుడు. మంచిదైనచో పైకి లేచి వెంటనే కుదురుకొనును. చెడినదైనచో పలుమారులు ఊగును. అయితే ఇందు నెగ్గినంతమాత్రమున మంచిదని నమ్మరాదు. మిక్కిలి చెడినదానినే యీ పరీక్ష బయటపెట్టును.

మూడవది నడిపి చూచుట. ఖాళీగానున్న దారిలో, మెల్లని వేగమున బ్రేకు వేసినప్పుడు ముందుభాగము మిక్కిలి వంగుచున్నదా? స్పీడుబ్రేకరు దాటిన పిమ్మటను ఊగుచున్నదా? టకటక ధ్వని వచ్చుచున్నదా? హనుమకొండకో కాజీపేటకో పోయివచ్చినచో ఇవన్నియు తెలియును.

మేమొకసారి మిత్రునితో పాత కారొకటి చూడబోయితిమి. మూడు షాకబ్జర్లు దుమ్ముకొట్టుకొని యుండగా, వెనుక నొకటి మాత్రము మెరయుచుండెను. "ఇది క్రొత్తది కాబోలు" నని మా మిత్రుడు సంతసించెను. అరగంట తిరిగివచ్చి వంగి చూడగా దానిపై నూనెధార మరల దిగియుండెను. ఎవరో తుడిచి యుంచిరి! నాటినుండి మురికికంటె అకారణమైన శుభ్రతకే మేము ఎక్కువగా జంకుచున్నాము.

చెడినది ఒక్కటియే యైనను ఒకే ఇరుసున గల రెంటిని కలిపి మార్పించుట మేలు. లేనిచో కుడియెడమల పట్టు వేరగును. ఆ వ్యయమును వెలలో తగ్గించుమని అడుగుట న్యాయమే. 1983 నుండి 2014 వరకు తయారై, మన ప్రాంతమున ఎన్నియో చేతులు మారిన మారుతి 800 వంటి కార్లలో ముందరి షాకబ్జరు స్ప్రింగుతో జతపడి యుండును. అణచియున్న స్ప్రింగు జారినచో ప్రాణాపాయము. కావున విప్పుట మెకానిక్కుకే విడువవలయును. జాకీ యొక్కటియే మోయుచున్న కారు క్రిందికి ఎవరును దూరరాదు.

బండి మెత్తగా పోవుచున్నదా యని మాత్రమే అడుగువాడు తన సుఖమునే చూచును. చక్రము నేలను విడువక పట్టియున్నదా యని అడుగువాడు వెనుక కూర్చున్న పిల్లలను, దారిని దాటు పరులను గూడ కాపాడును. తలిదండ్రులు కారు చూడబోవునప్పుడు మన విద్యార్థులు వెంటపోయి, వంగి చూచి, యీ రెండవ ప్రశ్న అడుగుదురుగాక!