ఫెయిరీలు అబద్ధం చెప్పరు... అసలు ప్రమాదం అదే!

ఫెయిరీ అనగానే ఏం గుర్తొస్తుంది? చిన్న రెక్కలు, మంత్రదండం, పీటర్ పాన్‌లో టింకర్ బెల్... అంతే కదా? కానీ ఒకప్పుడు ఐర్లాండ్, స్కాట్లాండ్ పల్లెల్లో ఫెయిరీ అంటే ముద్దు కాదు, వణుకు. పేరెత్తడానికి కూడా భయపడి "మంచివాళ్ళు" అనేవాళ్ళు. మన దగ్గర మశూచి వస్తే రోగం పేరు ఎత్తకుండా "అమ్మవారు పోసింది" అనేవాళ్ళే, అలా అన్నమాట.

మరి ఈ పాతకాలపు ఫెయిరీలున్న నవలలు ఇప్పటికీ మనల్ని ఎందుకు పట్టేస్తాయి? నన్నడిగితే, రూల్స్ వల్ల. వాళ్ళకి ఇనుము పడదు. వాళ్ళ లోకంలో తిండి ముట్టుకుంటే తిరిగి రావడం కష్టం. చాలా నవలల్లో ఇంకో రూల్ కూడా ఉంటుంది: వాళ్ళు అబద్ధం చెప్పలేరు. మరి మోసం ఎలా చేస్తారు? నిజంతోనే! మీరు అన్నది అక్షరాలా చేస్తారు, అనుకున్నది కాదు. కోడ్ రాసినవాళ్ళకి ఈ నొప్పి బాగా తెలుసు.

సుసానా క్లార్క్ 2004 నవల "జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నారెల్" తీసుకోండి. చిన్న స్పాయిలర్ ఉంది, ముందే చెప్తున్నా. నారెల్ అనే మాంత్రికుడికి ఒక మంత్రిగారి దగ్గర పలుకుబడి కావాలి. ఆయన పెళ్ళాడబోయే అమ్మాయి చనిపోతే, బతికించమని ఒక ఫెయిరీని పిలుస్తాడు. ఫీజు? ఆమె జీవితంలో సగం. సగం అంటే చివరి ఏళ్ళేలే అనుకుంటాడు నారెల్. ఫెయిరీ మాత్రం ప్రతి రాత్రీ తీసేసుకుంటాడు! పగలు లండన్‌లో ఉంటుంది, రాత్రంతా ఫెయిరీ కోటలో డాన్స్ చేస్తూనే ఉండాలి. ఎవరికైనా చెప్పబోతే నోట్లోంచి సంబంధం లేని కథలొస్తాయి. అందరూ పిచ్చి అనుకుంటారు.

ఇక్కడ నాకు గుచ్చుకునేది మాయ కాదండీ. మాట ఇచ్చింది నారెల్, మూల్యం కట్టింది ఆ అమ్మాయి. ఆమెని ఎవరూ అడగనే లేదు.

హాలీ బ్లాక్ 2018 నవల "ది క్రూయల్ ప్రిన్స్" ఇదే రూల్‌ని తిరగేస్తుంది. ఫెయిరీల మధ్య పెరిగిన జూడ్ మామూలు మనిషి. ఆమెకి మాయలు రావు, కానీ అబద్ధం చెప్పగలదు. అదే ఆమె ఆయుధం!

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు జూడ్ కథతో మొదలుపెట్టండి, క్లార్క్ పుస్తకం బాగా లావు. రెండూ చదివాక మీ ఫోన్‌లో "ఐ అగ్రీ" బటన్ కనిపిస్తే, నొక్కేముందు వేలు ఒక్క క్షణం ఆగుతుంది. నాకైతే ఆగుతోంది. మళ్ళీ కలుద్దాం!