ఆటకు ముందు నిరీక్షణ: గేమ్ సర్వర్ల దగ్గర వరుసలు ఎందుకు పెరుగుతాయి?

2021 డిసెంబర్ 3న ‘ఫైనల్ ఫాంటసీ 14’ అనే ఆన్‌లైన్ గేమ్‌లో ‘ఎండ్‌వాకర్’ అనే కొత్త భాగం ముందస్తుగా కొన్నవారికి తెరుచుకుంది. జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థ నడిపే ఈ గేమ్‌కు నెలనెలా చందా ఉంటుంది. కాబట్టి కొత్త భాగం ఆడటానికి వచ్చినవాళ్లంతా డబ్బు కట్టినవాళ్లే. ఏళ్ల తరబడి సాగిన కథకు ముగింపు ఇందులోనే ఉంది. అందరూ ఒకేసారి తలుపు తట్టారు. తెరమీద కనిపించింది మాత్రం కథ కాదు, ఒక అంకె: మీ ముందు వరుసలో ఇన్ని వేల మంది ఉన్నారు. గంటల తరబడి కూర్చున్న తర్వాత కొందరికి ఆ అంకె కూడా మాయమై ‘ఎర్రర్ 2002’ అని వచ్చింది. మళ్లీ మొదటి నుంచి.

ఇలాంటప్పుడు ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒకటే. అంత డబ్బు వసూలు చేస్తున్నారు కదా, ఇంకో నాలుగు సర్వర్లు పెట్టలేరా? ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం అనుకున్నంత సులువు కాదు.

గుమ్మం దగ్గరే రద్దీ

గేమ్ ఆడటం కంటే గేమ్‌లోకి ప్రవేశించడమే సర్వర్‌కు ఎక్కువ బరువు అయ్యే సందర్భాలున్నాయి. లాగిన్ బటన్ నొక్కిన క్షణం నుంచి ఏం జరుగుతుందో చూడండి. పాస్‌వర్డ్ సరైనదో కాదో తేల్చాలి. ఈ లెక్క కావాలనే నెమ్మదిగా జరిగేలా రాస్తారు. వేగంగా జరిగితే, దొంగిలించిన డేటా చేతిలో ఉన్నవాడు సెకనుకు కోట్ల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి చూడగలడు. ఆ తర్వాత చందా చెల్లిందా, ఖాతా మీద నిషేధం ఏమైనా ఉందా అని చూడాలి. ఆటగాడి పాత్రను, దాని సంచిలోని వస్తువులను, స్నేహితుల జాబితాను డేటాబేస్ నుంచి తీసి ఆట నడిచే యంత్రానికి అందించాలి. ఒక్కసారి లోపలికి వెళ్లాక ఈ పనులు మళ్లీ ఉండవు.

మామూలు రోజుల్లో జనం ఉదయం నుంచి రాత్రి దాకా విడివిడిగా వస్తారు కాబట్టి ఈ బరువు తెలియదు. విడుదల రోజున రోజంతా రావాల్సినవాళ్లు పది నిమిషాల్లో వస్తారు. 2012 మే 15న ‘డయాబ్లో 3’ విడుదలైనప్పుడు జరిగింది ఇదే. ఒంటరిగా ఆడుకునేవాళ్లు కూడా కంపెనీ సర్వర్‌కు లాగిన్ కావాల్సిందేనని నిబంధన. దాంతో ఎవరితోనూ పని లేకుండా తమ గదిలో తాము ఆడుకుందామనుకున్నవాళ్లకు కూడా ‘సర్వర్లు బిజీగా ఉన్నాయి, ఎర్రర్ 37’ అనే సందేశమే దక్కింది.

ఒకే లోకాన్ని రెండు ముక్కలు చేయలేం

ఇంటర్ ఫలితాల వెబ్‌సైట్ కూడా విడుదల రోజున మొరాయిస్తుంది. అక్కడ మాత్రం పరిష్కారం తేలిక. ఫలితాలు మారవు. అదే సమాచారాన్ని పది యంత్రాల్లో నకలు పెట్టి, వచ్చినవాళ్లను పది దిక్కులకు పంపవచ్చు. ఏ యంత్రం జవాబిచ్చినా మార్కులు అవే.

ఆన్‌లైన్ గేమ్‌లో అలా కుదరదు. నేను ఒక అడుగు వేస్తే పక్కనున్న మీకు అది కనిపించాలి. మీరు బాణం వేస్తే నాకు తగిలిందో లేదో ఇద్దరి తెరల మీదా ఒకేలా తేలాలి. అందుకని ఒక ప్రాంతంలో ఉన్నవాళ్లందరి స్థితినీ ఒకే యంత్రం జ్ఞాపకంలో పెట్టుకుని, సెకనుకు ఎన్నోసార్లు లెక్క సరిచూస్తుంది. ఒక మైదానంలో 100 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరి కదలికను మిగతా 99 మందికి చెప్పాలి. అంటే ఒక్క విడతకు 9,900 సమాచారాలు. 200 మంది అయితే 19,800 కాదు, 39,800. మనుషులు రెట్టింపైతే పని నాలుగింతలైంది. సెకనుకు 20 విడతలు నడిపే గేమ్ అయితే, ఇదంతా ప్రతి 50 మిల్లీసెకన్లకూ పూర్తి కావాలి.

ఈ లెక్కను తప్పించుకోవడానికి ఇంజినీర్లు చాలా ఉపాయాలు పన్నారు. దూరంగా ఉన్నవాళ్ల కదలికలు పంపకపోవడం, లోకాన్ని ప్రాంతాలుగా విడగొట్టడం, ఒకే లోకానికి వేర్వేరు పేర్లతో పది ప్రతులు పెట్టి జనాన్ని పంచడం వగైరా. వీటన్నిటిలో నాకు బాగా నచ్చినది ‘ఈవ్ ఆన్‌లైన్’ వాళ్లది. ఆ గేమ్‌లో వేలాది అంతరిక్ష నౌకలు ఒకేచోట యుద్ధానికి దిగితే సర్వర్ కూలిపోదు, కాలాన్నే నెమ్మదింపజేస్తుంది. గేమ్‌లోని గడియారం అసలు వేగంలో పదో వంతు దాకా తగ్గిపోతుంది. 2014 జనవరిలో ‘బీ-ఆర్5ఆర్‌బీ’ అనే చోట జరిగిన యుద్ధం అలా దాదాపు 21 గంటలు సాగింది. విసుగే కానీ, యుద్ధం ఆగిపోలేదు కదా అనుకోవాలి.

అమెరికాలో తెల్లవారుజామున ఖాళీగా ఉండే యంత్రాలకు మన సాయంత్రం రద్దీని పంపవచ్చు కదా అని కూడా అడగవచ్చు. దీనికి కాంతి వేగమే అడ్డు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా పశ్చిమ తీరానికి దాదాపు 13,000 కిలోమీటర్లు. తీగ నేరుగా వేసినా సరే, సందేశం వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు తప్పదు. కదలికలు 50 మిల్లీసెకన్లకోసారి తేలిపోయే ఆటలో అది చాలా ఆలస్యం.

కంపార్ట్‌మెంట్ల లెక్క

తిరుమల వెళ్లినవాళ్లకు లాగిన్ క్యూ గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో భక్తులు కంపార్ట్‌మెంట్లలో కూర్చుంటారు. ముందున్నవాళ్లు దర్శనం చేసుకుని కదిలితే తర్వాతి కంపార్ట్‌మెంట్ తలుపు తెరుస్తారు. కంపార్ట్‌మెంట్లన్నీ నిండితే వరుస బయటికి వస్తుంది. సర్వర్ కూడా అంతే. ఎంతమంది బయటికి వెళ్తే అంతమందినే లోపలికి పంపుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చాలా విషయాలు చెబుతుంది. ఒక గేమ్ లోకంలో 5,000 మందికి చోటుందనీ, ఒక్కొక్కరు సగటున 150 నిమిషాలు ఆడతారనీ అనుకుందాం. అప్పుడు నిమిషానికి బయటికి వెళ్లేవాళ్లు 5,000ను 150తో భాగిస్తే సుమారు 33 మంది. వరుసలో 3,000 మంది ఉంటే చివరివాడికి దాదాపు 90 నిమిషాల నిరీక్షణ. ఒక చోట ఉండే జనం సంఖ్య, వాళ్లు వచ్చే వేగం, ఉండే సమయం, ఈ మూడింటి మధ్య ఉన్న ఈ సంబంధాన్ని అమెరికా శాస్త్రవేత్త జాన్ లిటిల్ 1961లో గణితపరంగా నిరూపించారు. దాన్ని లిటిల్ సూత్రం అంటారు.

ఇప్పుడు మనిషి బుద్ధిని ఈ లెక్కలో కలపండి. గంటన్నర నిలబడి లోపలికి వెళ్లినవాడు భోజనానికి లేస్తూ ఆట మూసేస్తాడా? మూయడు. మళ్లీ వరుసలో నిలబడాలని భయం. పాత్రను ఓ మూల నిలబెట్టి, కంప్యూటర్ అలాగే వదిలి వెళ్తాడు. అందరూ అలా చేస్తే సగటు సమయం 150 నుంచి 300 నిమిషాలవుతుంది. నిమిషానికి ఖాళీ అయ్యే చోట్లు 33 నుంచి 17కు పడిపోతాయి. అదే 3,000 మంది వరుసకు ఇప్పుడు మూడు గంటలు. వరుస భయమే వరుసను పెంచింది. కొత్తవాళ్లు ఒక్కరూ రాకపోయినా నిరీక్షణ రెట్టింపైంది.

అందుకే ఫైనల్ ఫాంటసీ 14 నిర్వాహకులు 30 నిమిషాలు కదలకుండా ఉన్నవాళ్లను బయటికి పంపే ఏర్పాటు చేశారు. 2024 ఫిబ్రవరిలో ‘హెల్‌డైవర్స్ 2’ అనే గేమ్‌కు అనుకోని ఆదరణ వచ్చినప్పుడు అలాంటి ఏర్పాటు మొదట్లో లేదు. ఒకేసారి ఆడేవారి సంఖ్యకు 4,50,000 దగ్గర గీత గీయాల్సి వచ్చింది. లోపల కొందరు నిద్రపోతుంటే బయట మేలుకున్నవాళ్లు వేచి చూశారు. ఆ సంస్థ అధిపతి చెప్పిన మాట మన మొదటి ప్రశ్నకు సూటి జవాబు. సమస్య డబ్బుదీ కాదు, సర్వర్లు కొనడందీ కాదు, వెనకాల నడిచే కోడ్‌ను తిరగరాయాలి, దానికి మనుషుల శ్రమ కావాలి అన్నారాయన. అందరి వివరాలూ చివరికి వచ్చి చేరే డేటాబేస్ లాంటి చోటు ఇరుకైతే, ముందు ఎన్ని యంత్రాలు పెట్టినా ఆ ఇరుకు పోదు.

90 శాతం దగ్గర మొదలయ్యే చిక్కు

వరుసల గణితం కంప్యూటర్లకంటే పాతది. డెన్మార్క్‌లో టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏ.కే. ఎర్లాంగ్, ఎక్స్ఛేంజ్‌లో ఎన్ని లైన్లు ఉంటే చాలునో తేల్చడానికి 1909లో తొలి పరిశోధన ప్రచురించారు. ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద కూర్చున్న తరానికి ఆ లెక్క గణితంగా కాకపోయినా అనుభవంగా తెలుసు.

ఆ గణితం చెప్పే ముఖ్యమైన సంగతి ఇది. ఒకే కౌంటర్ ఉండి, జనం ఎప్పుడు పడితే అప్పుడు వస్తూ ఉంటే, కౌంటర్ సగం సమయం పనిలో ఉన్నప్పుడు ఒక్కొక్కరికీ పట్టే మొత్తం సమయం అసలు పనికి రెండింతలు ఉంటుంది. 80 శాతం అయితే ఐదింతలు. 90 శాతం అయితే పదింతలు. 99 శాతం దగ్గర వందింతలు. 90 శాతం దాకా బాగానే నడుస్తున్నట్టు కనిపించిన వ్యవస్థ, ఇంకో పది శాతం రద్దీకే చతికిలపడటానికి కారణం ఇదే.

అప్పుడు మనం చేసే పని దాన్ని ఇంకా ముంచుతుంది. జవాబు రాలేదని బటన్ మళ్లీ నొక్కుతాం. సర్వర్ దృష్టిలో అది కొత్త విన్నపం. పాతది ఇంకా వరుసలోనే ఉంటుంది. ఒక్కొక్కరు ఐదుసార్లు నొక్కితే లక్ష మంది ఐదు లక్షలవుతారు. సర్వర్ కష్టపడి ఇచ్చిన జవాబు అందుకోవడానికి అవతల ఎవరూ ఉండరు, వాళ్లు అప్పటికే పేజీ రిఫ్రెష్ చేసేశారు. అందుకే సరిగ్గా రాసిన యాప్‌లు ఒకసారి విఫలమైతే కాసేపు ఆగి, మళ్లీ విఫలమైతే దానికి రెట్టింపు ఆగి ప్రయత్నిస్తాయి. అందరూ ఒకే క్షణంలో తిరిగి రాకుండా ఆ విరామానికి కొంత యాదృచ్ఛిక సమయం కూడా కలుపుతాయి.

అమ్మకాలే ఆపేశారు

తిరిగి ఎర్రర్ 2002కి వద్దాం. గేమ్ నిర్మాత, దర్శకుడు నావోకి యోషిడా దీనికి కారణం బహిరంగంగానే వివరించారు. కొన్ని లోకాలను కలిపిన ఒక్కో డేటా సెంటర్ వరుసలో 17,000 మందికి మించి నిలబెడితే లాగిన్ సర్వరే కూలిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ తర్వాత వచ్చినవాళ్లను వరుసలోకి కూడా రానివ్వలేదు. అంటే వరుసలో నిలబడటానికీ చోటు కావాలి, ఆ చోటుకూ హద్దుంది. నెట్ కాసేపు తెగినవాళ్లకు కూడా అదే ఎర్రర్ వచ్చేది. వెంటనే తిరిగి వస్తే మాత్రం వాళ్ల స్థానం కొద్దిసేపు అట్టిపెట్టి ఉంచేవారు.

కొత్త యంత్రాలు కొందామంటే కోవిడ్ కాలంలో ప్రపంచమంతటా చిప్‌ల కొరత. డబ్బిస్తామన్నా సర్వర్లు దొరకలేదు. చివరికి డిసెంబర్ మధ్యలో కంపెనీ తన గేమ్ అమ్మకాలనే తాత్కాలికంగా నిలిపేసింది. ఉచిత ట్రయల్ నమోదూ ఆపింది. చందాదారులకు మొదట 7 రోజులు, ఆ తర్వాత మరో 14 రోజులు ఉచితంగా ఇచ్చింది. అమ్మకాలు మళ్లీ మొదలైంది 2022 జనవరి 25న. సరుకు బాగా అమ్ముడవుతున్నప్పుడు దుకాణం మూయడం వ్యాపారంలో అరుదు. గంటల తరబడి కూర్చున్నవాళ్ల కోపం దీనితో చల్లారిందని కాదు కానీ, లోపల చోటు లేనప్పుడు బయట టికెట్లు అమ్మకపోవడం కనీస మర్యాద.

ముందే ఎక్కువ సర్వర్లు పెట్టుకోవచ్చుగా అంటే, ఎంత ఎక్కువ? 2016 జూలైలో ‘పోకెమాన్ గో’ వచ్చినప్పుడు అనుకున్న రద్దీకి ఐదింతలు వస్తే అదే గరిష్ఠమని లెక్క వేసుకున్నారు. వచ్చింది యాభై ఇంతలు.

ఇదంతా ఆటల గొడవే అని తీసిపారేయడానికి లేదు. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవారికి కోవిన్‌లో టీకా నమోదు తెరిచినప్పుడు మొదట చాలామందికి పేజీ తెరుచుకోలేదు, ఓటీపీ రాలేదు. అయినా తొలిరోజే కోటి మందికి పైగా నమోదయ్యారు. ఉదయం తత్కాల్ టికెట్ల వేళ రైల్వే సైట్‌లోనూ ఇదే గణితం. ఎర్లాంగ్ లెక్కకు ఆట, టీకా, రైలు అనే తేడా తెలియదు.

ఈసారి తెరమీద మీ స్థానం కనిపించినప్పుడు దాన్ని ఒకచోట రాసుకోండి. పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. 4,200 కాస్తా 3,900 అయితే, నిమిషానికి 30 మంది కదులుతున్నారు. ఇంకా సుమారు 130 నిమిషాలు. ముందున్నవాళ్లలో కొందరు విసిగి వెళ్లిపోతారు కాబట్టి, సాధారణంగా కొంచెం ముందే మీ వంతు వస్తుంది. అప్పటిదాకా వంట చూసుకోవచ్చు. రిఫ్రెష్ మాత్రం నొక్కకండి.