పిడుదు వదిలిన పక్కు

కుక్క చెవి మడత విప్పి చూస్తే, రక్తం తాగి ఉబ్బిన పిడుదు అచ్చం ఆముదం గింజలా ఉంటుంది. ఈ పోలిక మన ఒక్కరికే తట్టలేదు. లాటిన్‌లో పిడుదును రిసినస్ అంటారు, ఆముదానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరూ అదే.

కొన్ని పిడుదులు మనిషిని కుట్టినప్పుడు లాలాజలంతో పాటు రికెట్సియా అనే బాక్టీరియాను లోపలికి వదులుతాయి. దానివల్ల మన దేశంలో వచ్చే రోగాన్ని ఇండియన్ టిక్ టైఫస్ అంటారు. జ్వరం, తలనొప్పి, అరచేతులకూ అరికాళ్లకూ పాకే దద్దుర్లు దీని లక్షణాలు. డాక్సీసైక్లిన్‌కు లొంగుతుంది, ఆ మందు చవక కూడా. రోగాన్ని పోల్చుకోవడమే కష్టం. మొదటి నాలుగు రోజులూ డెంగీ, టైఫాయిడ్ కూడా ఇలాగే ఉంటాయి మరి.

మామూలు కల్చర్‌లో రికెట్సియా పెరగదు, దానికి బతికున్న కణం కావాలి. అందుకే చాలాచోట్ల ఇప్పటికీ వైల్-ఫెలిక్స్ పరీక్షే దిక్కు. 1916లో వచ్చిన ఈ పరీక్షలో రికెట్సియా అసలు ఉండదు! అప్పట్లో ఓ టైఫస్ రోగి మూత్రంలో దొరికిన ప్రోటియస్ అనే వేరే బాక్టీరియాకు ఇప్పటి రోగి సీరం కలిపితే అది గుంపులుగా అతుక్కుంటుంది. రెండింటి పైపొరలూ కాస్త పోలి ఉండటమే కారణం. అన్నను పట్టుకోవడానికి పక్కింటి కుర్రాడి ఫొటో తీసుకుని బయల్దేరడం లాంటిది. అసలు రోగులు చాలామంది తప్పించుకుంటారు, మూత్రంలో ప్రోటియస్ ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు దొరికిపోతారు.

ఎలైజా అనే పరీక్ష నయం, రికెట్సియా సొంత ప్రోటీన్లనే వాడుతుంది. అయినా అది పట్టుకునే యాంటీబాడీలు రోగి ఒంట్లో తయారవడానికి వారమో, ఇంకా పైనో పడుతుంది. రెండు మూడు వారాల ఎడంతో రెండుసార్లు రక్తం తీసి, యాంటీబాడీలు నాలుగింతలయ్యాయని చూపితే రోగం ఖాయమే. కానీ అప్పటికి రోగి ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు, లేదా పరిస్థితి చెయ్యి దాటిపోయి ఉంటుంది.

జన్యువును వెతికే పీసీఆర్‌కు యాంటీబాడీలతో పని లేదు. దాని చిక్కు వేరు: రికెట్సియా రక్తనాళాల లోపలి గోడ కణాల్లో కాపురం పెడుతుంది, రక్తంలో అరుదుగా తేలుతుంది. ఇక్కడే పిడుదు కుట్టినచోట కట్టిన నల్లటి పక్కు పనికొస్తుంది. దాన్ని మెల్లగా లేపి, తడి దూది పుల్లతో అడుగున రుద్ది పీసీఆర్‌కు పంపితే చాలు, కత్తి పెట్టనక్కర్లేదు. రక్తంలో కంటే బాక్టీరియా అక్కడే ఎక్కువ.

పక్కు అందరికీ ఉండదు. ఉన్నా చంకలోనో, గజ్జల్లోనో, జుట్టులోనో దాక్కుంటుంది. నొప్పి ఉండదు కనుక రోగికీ తెలియదు. అందుకే అనుమానం వచ్చిన డాక్టరు రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టి, చొక్కా విప్పించి, తలలో పాయలు తీసి వెతుకుతాడు.